సింహాసనం కింద చుక్క

షార్జా,
9 అక్టోబరు 1986, గురువారం

శేషూ,

నూరేళ్ళు చల్లగా ఉండు. మీ అమ్మ ఎదుట విప్పవద్దనే కవరు మీద నీ ఒక్కడి పేరు రాశాను. విప్పేసి ఉంటే ఇక్కడ ఆపి, డాబా మీదికి వెళ్ళి చదువు.

పోయిన శనివారం దుబాయ్‌లోని డేరా అనే బజారు పేటలో మీ నాన్నను పోలీసులు పట్టుకుపోయారు. నేను పిల్లల్ని చూసుకునే ఈ ఇంటి ఇల్లాలు షహర్బానుకు ఎవరో ఆసుపత్రిలో చెప్పారు. హైదరాబాదు మనిషే అయినా నర్సు కదా, ఆమెకు అరబ్బీ వచ్చు. పిల్లలిద్దరినీ పక్కింట్లో దింపి నన్ను స్టేషనుకు తీసుకువెళ్ళింది. జాలీ వెనక మీ నాన్నను చూశాను. గడ్డం పెరిగింది. కాళ్ళకు చెప్పులు లేవు.

నేరం ఇది. వాడు గొలుసులు అల్లే దుకాణంలో పన్నెండు వెండి నాణేలు దొరికాయి. బాగా మందం, ఒక్కొక్కటి తులమున్నర తూగుతుంది. ఒకవైపు సింహం తోలు తలకు కప్పుకున్న వీరుడి ముఖం. రెండో వైపు చేతి మీద గద్దను నిలుపుకొని సింహాసనంలో కూర్చున్న దేవుడు, పక్కన గ్రీకు అక్షరాలు. అలెగ్జాండరు కాలం నాణెం. ఏడో తరగతిలో నేను నీకు చూపించిన బొమ్మే. అతను ఇరాన్ రాజుల ఖజానాలు పట్టుకుని, వాళ్ళ వెండి కరిగించి, సైన్యం నడిచిన దారి వెంబడి టంకశాలల్లో ఇవి కొట్టించాడు. సైనికుల జీతాలకు. ఆ ప్రశ్న పరీక్షలో వచ్చింది, నువ్వు వదిలేశావు.

షార్జా నుంచి లోపలికి వెళితే ఎడారిలో మ్లేహా అని ఒక చోట పాతకాలపు ఊరు తవ్వుతున్నారు. ఈ నాణేలు అక్కడ దొంగిలించినవని పోలీసుల మాట. దుకాణం యజమాని తనకేమీ తెలియదనీ, సత్యనారాయణ తెచ్చి ఇచ్చాడనీ చెప్పి తప్పుకున్నాడు. మీ నాన్న అవుననడు, కాదనడు. "ఎక్కడివిరా అవి?" అని నేను తెలుగులో అడిగాను. గోడ వంక చూశాడు.

వాడు దొంగతనం చేయడు. ఆ సంగతి నాకు వేరే ఎవరూ చెప్పనక్కర్లేదు. కానీ వాడు ఇంటినుంచి ఏం తెప్పించుకున్నాడో, ఇంటికి ఏం రాశాడో నాకు తెలియదు. ఇక్కడినుంచి బందరు పోలీసులకు కబురు వెళుతుందని డేరాలో అందరూ అంటున్నారు. కనుక ఈ నాణేలకు సంబంధించిన అచ్చు, పనిముట్టు, వెండి తునక ఏదైనా మన ఇంట్లో ఉంటే అందిన రోజే లేకుండా చెయ్యి. ఎందుకని అడగకు. చెప్పింది చెయ్యి.

అమ్మతో నాన్న ఇక్కడికి దూరంగా మఫ్రఖ్ అనే ఊళ్ళో పెద్ద పనిమీద ఉన్నాడనీ, తీరిక దొరకగానే రాస్తాడనీ చెప్పు. ఆమె రక్తపోటు మాత్రలు రాత్రి కాదు, పొద్దున వేయించు.

మీ నాయనమ్మ,
నాగరత్నమ్మ


షార్జా,
20 అక్టోబరు 1986, సోమవారం

శేషూ,

పోయిన ఉత్తరంలో నేను చెప్పినది చేయకు. ఇది మొదట చదివి, తరువాత ఊపిరి పీల్చుకో.

షహర్బాను వెతికి పెట్టిన వకీలు కేసు కాగితాలు చూశాడు. ఆ నాణేలను ఒక ఐరోపా పండితుడికి చూపించారట. ఆయన చెప్పినది విను. ఇటువంటి నాణేల మీద ఏ ఊళ్ళో కొట్టారో తెలియడానికి దేవుడి సింహాసనం కింద ఒక గుర్తు ఉండేది. బాబిలోనుకు ఒక గుర్తు, మరో ఊరికి మరొకటి. ఈ పన్నెండింటి మీదా ఉన్న గుర్తు ఇంతవరకు ఎక్కడా ఎవరూ చూడనిది. చనిపోయే ముందు అలెగ్జాండరు అరబ్బు దేశం మీదికి ఓడలతో దండెత్తాలని సిద్ధపడ్డాడు, ఆ దండయాత్ర జరగలేదు. దానికోసం ఈ తీరాన ఒక టంకశాల పెట్టి ఉంటారనీ, ఇవి అక్కడ కొట్టినవనీ ఆయన ఊహ. అంటే దొంగిలించినది పన్నెండు నాణేలు కాదు, ఈ దేశపు చరిత్ర. వకీలు పదేళ్ళ జైలంటున్నాడు.

"పాతవి కావని చూపించగలరా? కొత్తవని తేలితే దొంగతనమే లేదు," అన్నాడు వకీలు. నేను మీ నాన్నను అడిగాను. "కొత్తవేనట్రా?" వాడు కళ్ళు తుడుచుకున్నాడు. దానితో నాకు అర్థమైంది. వాడు దాస్తున్నది నిన్ను.

కనుక మన ఇంట్లో అచ్చులు ఉంటే అవే వాడి ప్రాణం. నూనె రాసి గుడ్డలో చుట్టి పెట్టు. కొలిమి దగ్గరికి కూడా తీసుకుపోకు. ఎవరి చేతికి ఇవ్వాలో మళ్ళీ రాస్తాను.

ఈ ఉత్తరం ముందుగా అందాలని ఏ దేవుణ్ణి వేడుకోవాలో తెలియక షహర్బానునే వేడుకున్నాను. ఆమె డ్యూటీ మానుకుని డేరా పెద్ద పోస్టాఫీసులో వేసి వచ్చింది.

నాయనమ్మ


చిలకలపూడి,
22-10-86

నాయనమ్మకు నమస్కారాలు.

నీ ఉత్తరం నిన్న వచ్చింది. నువ్వు చెప్పినట్టే చేశాను. ఏమీ మిగలలేదు. భయపడకు.

చేసింది నేనే నాయనమ్మా. సంక్రాంతి తరవాత నాన్న ఒక పుస్తకంలోంచి ఫోటో కత్తిరించి పంపాడు. షాపులో అద్దాల పెట్టెలో పెట్టడానికి షోపీసులు కావాలి, వెండివి, ఎవరి దగ్గరా లేని పనితనం ఉండాలి, చూసి నిన్ను కూడా ఇక్కడికి పిలిపిస్తారు అని రాశాడు. లారీ ఇరుసు ఉక్కు రెండు ముక్కలు తెచ్చాను. అద్దంలో ఫోటో చూసుకుంటూ తిరగేసి చెక్కాను. సింహం జూలు ఒక్కటే పన్నెండు రోజులు పట్టింది. చెక్కాక ఎర్రగా కాల్చి నూనెలో ముంచి పదును పెట్టాను. కింద అచ్చు దాగలిలో బిగించి, వెండి బిళ్ళ వేడి చేసి పెట్టి, పై అచ్చు ఆనించి సమ్మెటతో రెండే దెబ్బలు. మూడో దెబ్బ వేస్తే బొమ్మ రెండు పడుతుంది. అమ్మ ఏంటిరా అంటే స్కూలు వాళ్ళ మెడల్సు అన్నాను.

వెండి ఎక్కడిదని అడుగుతావు. తాతయ్య మరచెంబు. నాన్నే కరిగించమన్నాడు. చాలకపోతే నా మొలతాడు వేశాను.

మన వీధి జానీ బాషా మామ దుబాయ్ వస్తుంటే కందిపొడి డబ్బాలో అడుగున పెట్టి పంపాను. సగం పొడి నీకు పంపాడంట కదా నాన్న.

ఇంకో మాట. నాన్న, చుక్క పెట్టకురా షోపీసు పాడవుద్ది అని రాశాడు. కానీ చుక్క లేకుండా మన ఇంట్లోంచి వస్తువు బయటికి పోకూడదని నువ్వు నాకు చిన్నప్పటినుంచీ చెప్పావు. గిల్టు వస్తువుని ఎవరూ బంగారమని అమ్మకూడదని తాతయ్య కొక్కెం వెనక పెట్టేవాడు కదా, ఆ మూల విరిగిన గుర్తు ఉలి, ఆ పోగరతోనే అచ్చులో గుర్తు కొట్టాను. కనపడకుండా సింహాసనం కింద పెట్టాను.

నిన్న సాయంత్రం అచ్చులు రెండూ కొలిమిలో ఎర్రగా కాల్చి బూడిదలో చల్లారబెట్టాను, మెత్తబడ్డాయి. ఆకురాయితో ముఖాలు అరగదీశాను. వీరుడి ముక్కు పోతుంటే చెయ్యి ఆడలేదు. పోగర కూడా కలిపి గిలకలదిండి తీసుకుపోయి కాలవ నోట్లో, సముద్రం పోటు మీద ఉండగా విసిరేశాను.

నాన్నకి ఇంక భయం లేదని చెప్పు.

నీ మనవడు,
ఆదిశేషు


చిలకలపూడి,
1-11-86

నాయనమ్మా,

రెండో ఉత్తరం ఇవాళ వచ్చింది.

నేను పడవ మాట్లాడుకుని గిలకలదిండి పోయాను. మంగరాజు అని వలలేసే ఆయన, ఇద్దరు మనుషులు దిగి చూశారు. "ఆటు పోటు ఎన్నిసార్లు తిరిగిందో ఎరికేనా, నీ ఇనప ముక్కలు ఈపాటికి ఏడకి పొయ్యాయో," అన్నాడు. బురద తప్ప ఏం రాలేదు. రేపు మళ్ళీ పోతాను.

మళ్ళీ చెక్కనా? అదే ఫోటో నా దగ్గర లేదు గాని నాకు గుర్తుంది. కళ్ళు మూసుకున్నా జూలు కనపడతంది. ఒక్క మాట రాయి, ఇవాళే మొదలుపెడతాను.

శేషు


షార్జా,
5 నవంబరు 1986, బుధవారం

శేషూ,

నీ 22వ తేదీ ఉత్తరం అందింది. మొదటినుంచి చివరిదాకా రెండుసార్లు చదివాను. చెప్పినది చెప్పినట్టు చేశావు. నీ తప్పు ఏమీ లేదు.

షహర్బాను పెద్ద పిల్లచేత ఎక్కం అప్పజెప్పించుకుంటున్నాను. పన్నెండో ఎక్కం. పన్నెండేళ్ళు ఎనభై నాలుగు అనే చోట నేనే ఆగిపోయాను. ఆ పిల్ల నవ్వింది.

సింహాసనం కింద గుర్తు ఏమిటో ఆ పండితుడికి తెలియదు, ఎవరికీ తెలియదు, నాకు తెలుసు. ఇది బంగారం కాదు, మోసపోకండి అని చెప్పడానికి మీ తాతయ్య పెట్టిన చుక్క. దాగలి మీద పడి పోగర మూల విరిగితే, కొత్తది చేసుకోవడానికి చేతులు రాక దానితోనే ముప్పై ఏళ్ళు పనిచేశాడు. ఒక పక్క కొరికినట్టుండే ఆ చుక్కను చూసి వాళ్ళు ఒక పట్టణాన్ని కట్టారు, అందులో టంకశాల కట్టారు, ఆ వెనక జరగని దండయాత్రను నిలబెట్టారు. నువ్వు చుక్క పెట్టకపోయి ఉంటే అవి మామూలు నాణేలు. మీ నాన్న ఈపాటికి బయట ఉండేవాడేమో. నేను నేర్పిన నీతి వాడి మెడకు చుట్టుకుంది.

ఆ పండితుణ్ణి నేను తప్పు పట్టను. నిన్న వకీలు గదిలో ఆయన్ను చూశాను. మెత్తని మనిషి. నాణెం అరచేతిలో పెట్టుకుని పసిపిల్లను చూపించినట్టు నాకు చూపించాడు. అంత బాగా చెక్కావు నువ్వు. ఆయనకు చెప్పాను, ఇది మా ఇంటి గుర్తు అని. షహర్బాను ఇంగ్లీషులోకి మార్చింది. ఆయన జాలిగా నన్ను చూసి, కొడుకు కోసం తల్లి ఏమైనా చెబుతుంది, నేనయినా చెబుతాను అన్నాడు. రుజువు ఏదైనా ఉంటే తానే ముందు ఒప్పుకుంటానన్నాడు.

మీ నాన్న మొన్న నాతో ఒక్క మాట మాట్లాడాడు. "దొంగతనం చేశానని సంతకం పెట్టేస్తానమ్మా. ఈ అడగటాలు ఖలాస్ అయిపోతాయి," అని. "పెట్టావంటే నీ మొహం చూడను," అన్నాను. తరువాత బస్సులో కూర్చుని, అలా అనకుండా ఉండవలసిందనుకున్నాను.

ఒక్క ప్రశ్న. పోగర నిజంగానే పారేశావా? ఉంటే చాలు.

మరచెంబు సంగతి తరువాత. కందిపొడిలో ఉప్పు ఎక్కువైంది.

నాయనమ్మ

తా.క. ఇది కవరులో పెడుతుండగా, ఇటు వచ్చే మనిషి చేతికిచ్చి నువ్వు పంపిన 1వ తేదీ ఉత్తరం అందింది. మళ్ళీ చెక్కవద్దు. చెక్కితే అది రుజువు కాదు, ఇంకో అబద్ధం. ఇక అక్కడ నువ్వు చేయగలిగింది ఏమీ లేదు.


చిలకలపూడి,
17-11-86

నాయనమ్మా,

పోగర కూడా పోయింది. ముందు ఉత్తరంలోనే రాశాను, నువ్వు చూడలేదు. చూసినా నమ్మబుద్ధి కాక అడిగావేమో.

నీ తప్పు లేదని రాశావు. అదే పేజీలో, చుక్క పెట్టకపోతే నాన్న బయట ఉండేవాడని రాశావు. ఇక నువ్వు చేయగలిగింది ఏమీ లేదని చివర రాశావు. నాకు అర్థమైంది నాయనమ్మా. నువ్వు ఎప్పుడూ అరవవు. పేపరు తిరిగి ఇచ్చేటప్పుడు కూడా అంతే, మార్కులు పైకి కనపడకుండా మడిచి ఇచ్చేదానివి.

అమ్మకి తెలిసిపోయింది. జానీ బాషా మామ భార్య పలకరించడానికి వచ్చి ఏడ్చింది. అమ్మ కొలిమి దగ్గరికి వెళ్ళి అది పడగొట్టింది.

నాకు పాస్‌పోర్టు ఉంది, నాన్న ఎప్పుడో చేయించాడు. వీసాకి జానీ బాషా మామ అక్కడ తిరుగుతున్నాడు. నేను వస్తాను. వచ్చి, చెక్కింది నేనే అంటాను. ఉక్కు ఇమ్మంటాను, వాళ్ళ కళ్ళ ముందే చెక్కుతాను. అది అబద్ధం అవదు కదా. నాన్నని వదిలేసి నన్ను పెట్టుకోమంటాను.

శేషు


షార్జా,
28 నవంబరు 1986, శుక్రవారం

శేషూ,

రావద్దు. మొదటి మాట అదే, చివరి మాటా అదే.

నిన్ను తప్పు పట్టి రాయలేదు. నామీద నాకు కోపం వచ్చి రాసిన మాటలు నీకు తగిలాయి. ఉత్తరంలో గొంతు వినపడదు. నలభై ఏళ్ళు పాఠాలు చెప్పినదానికి ఆ మాత్రం తెలిసి ఉండాలి.

ఇప్పుడు విను. రుజువు దొరికింది. ఇంకా చేతికి రాలేదు, దొరికింది.

ఇక్కడ మా వీధి చివర ఒక ఇంట్లో పేరమ్మ అని రాజోలు మనిషి వంటపనికి ఉంది. సోమవారం మా వంటగదిలో కూర్చుని వంకాయలు తరుగుతోంది. కత్తి జారి తగిలి గాజు పైకి జరిగి పక్కకు వాలింది. అతుకు దగ్గర లోపలివైపు చుక్క. ఒక పక్క కొరికినట్టు. నేను ఆమె చెయ్యి పట్టుకుని కిటికీ దగ్గరికి లాక్కుపోయాను.

"ఏంటండీ టీచరమ్మగారూ, సెయ్యి ఊడొచ్చేలాగుంది," అంది.

"ఈ గాజులు ఎక్కడివి?"

"మాయేనండి. బంగారంవి."

"బందరులో కొన్నావా?"

ఆమె ముఖం ఎర్రబడింది. "మెల్లగా అనండి. మీ మేడమ్ ఇంటే మా మేడమ్‌కి సెప్పేత్తాది."

తరువాత తెలిసింది. ఇక్కడ పనిచేసే మన గోదావరి జిల్లాల ఆడవాళ్ళు, సొంత బంగారం ఇంటి దగ్గర ఉంచి, మన చిలకలపూడి గిల్టు వేసుకుని విమానం ఎక్కుతారు. బంగారం వేసుకున్న మనిషిని కాస్త గౌరవంగా చూస్తారని. ఆ గాజుల వెనక మీ తాతయ్య చుక్క ఉంది. పోగర సముద్రంలో ఉంటేనేం, దాని పళ్ళ గాటు ఇక్కడ మనుషుల చేతులకే ఉంది.

ఈరోజు సెలవు కదా, పేరమ్మ గదిలో నలుగురైదుగురిని పోగు చేశాను. సంగతి చెప్పాను. కోర్టుకు ఇవ్వాలి, గిల్టువని చెప్పాలి, బందరులో ఎప్పుడు కొన్నారో చెప్పాలి అన్నాను. ఒకామె కొంగు చేతుల మీదికి లాక్కుంది.

"బాగుందండీ," అంది ఇంకొకామె. "మీ అబ్బాయి బయటికొత్తాడు, మేం రేపట్నించి గిల్టు మనుషులం అయిపోతాం. మా అర్బాబు దొర పెళ్ళాం నా మీద ఇల్లొదిలి ఊరెళ్తాది. ఎందుకనుకున్నారు? ఈ గాజులు సూసే. బంగారం ఉన్నోళ్ళు దొంగతనం సెయ్యరంట."

"అబద్ధంతో తెచ్చుకున్న నమ్మకం ఎన్నాళ్ళు నిలుస్తుంది?" అన్నాను.

"మీరు పంతులమ్మ గనక అంటారండి. మీరేసుకున్న నాను ఏంటో?"

మెడలో నాను తీసి ఆమె చేతిలో పెట్టాను. వెనక తిప్పి చూడమన్నాను. "ఇదీ గిల్టే. మా ఆయన చేసింది. చుక్క ఉంది," అన్నాను. నా వస్తువు ఒక్కటే అయితే తల్లి కల్పించిందంటారనీ, పరాయి మనుషుల చేతికి ఉన్నవి కావాలనీ చెప్పాను. ఆమె నాను తిరిగి ఇచ్చేసి వెళ్ళిపోయింది. మిగిలినవాళ్ళూ వెనకే వెళ్ళారు.

పేరమ్మ మాత్రం గడప మీద కూర్చుంది. చివరకు సబ్బు రాసుకుని గాజులు రెండూ ఊడదీసింది. "ఆరేళ్ళయిందండి తీసి," అంది. మణికట్టు మీద తెల్లగా చారలు. "మేడమ్ అడిగితే ఏం సెప్తావే?" అన్నాను. "గిల్టని సెప్తానండి. ఏవుంది, ఉంటే ఉంచుద్ది, లేదంటే యల్లా, పో అంటాది."

ఆరేళ్ళ కింద బందరులో కొన్న గాజుల మీద, రెండు వేల మూడు వందల ఏళ్ళనాటి పట్టణపు గుర్తు ఉండదు. ఈ మాట చాలు. పండితుడికి సోమవారం చూపిస్తున్నాము.

రావద్దు. వచ్చావా, మీ నాన్న ఇన్నాళ్ళు నోరు మూసుకున్నది వృథా.

నాయనమ్మ


చిలకలపూడి,
9-12-86

నాయనమ్మకు,

గాజుల సంగతి చదివి అమ్మ దేవుడి గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. చాలా రోజులకి అన్నం వండింది.

కానీ నాకొకటి తట్టింది. నీకు తట్టకుండా ఉండదు. నాణేలు కొత్తవని తేలగానే వాళ్ళు అడిగే రెండో మాట, మరి చెక్కింది ఎవరు అని. నాన్నకి అచ్చు చెక్కడం రాదు, ఒక గీత గీయమన్నా దొరికిపోతాడు. నువ్వు అబద్ధం ఆడవు. ఎవరని అడిగితే నా పేరు చెప్పాలి, లేదా నోరు మూసుకోవాలి. నోరు మూసుకుంటే నాన్నని వదలరు. నీకు ఆ కష్టం రానివ్వను.

వీసా వచ్చింది. 26న బొంబాయిలో విమానం. 23 సాయంత్రం ఇంటినుంచి బయలుదేరతాను. ఈసారి నువ్వు వద్దన్నా వింటానని అనుకోకు. మొదటిసారి నీ మాట విని చేసినదానికే ఇంత అయింది. నిష్ఠూరం కాదు, నిజంగానే అంటున్నాను.

ఆదిశేషు


19 డిసెంబరు 1986, శుక్రవారం

శేషూ,

దీన్ని పోస్టులో వేయడం లేదు. మన ఉత్తరాలు ఒకదాన్నొకటి దాటుకుంటూ పోయి చేసినది చాలు. షహర్బాను తమ్ముడు హయాత్ రేపు హైదరాబాదు వస్తున్నాడు. అక్కడినుంచి రాత్రి బస్సుకు బందరు వచ్చి నీ చేతికే ఇస్తాడు. నువ్వు ఆఖరు వాక్యం చదివేదాకా ఎదురుగా నిలబడమన్నాను. పాపం, నిలబడతాడు. ముందు ఆయనకు మంచినీళ్ళు ఇవ్వు.

మొన్న మంగళవారం కోర్టు జరిగింది. పేరమ్మ గాజులు, నా నాను, ఒక నాణెం పక్కపక్కన పెట్టి పండితుడు అద్దంలో చూశాడు. ఎంతసేపు చూశాడంటే జడ్జీ దగ్గాడు. ఆయన లేచి, మూడింటినీ కొట్టినది ఒక్క పనిముట్టే, నేను పొరపడ్డాను, ఈ నాణేలు కొత్తవి అన్నాడు. కూర్చునేటప్పుడు కుర్చీ తడుముకున్నాడు. లేని పట్టణం ఒకటి ఆయన చేతుల్లోంచి జారిపోయింది. నాకు బాధ వేసింది.

దొంగతనం కేసు అక్కడితో పోయింది.

అప్పుడు జడ్జీ నువ్వు రాసిన రెండో మాటే అడిగాడు. మీ నాన్న నోరు తెరవబోయాడు. నేను వాడి వంక చూశాను. వాడు ఎనిమిదో తరగతిలో కిటికీ దూకబోతున్నప్పుడు చూసిన చూపే. మూశాడు.

"నేను చెక్కాను," అన్నాను.

షహర్బాను నా వంక చూసి, అరబ్బీలోకి మార్చింది. నీ 9వ తేదీ ఉత్తరం ఈసారి తొందరగా వచ్చి కోర్టుకు ముందురోజే అందింది, ఆమెకు చదివి వినిపించాను, కనుక ఆమెకు అంతా తెలుసు. అయినా ఆమె గొంతులో తేడా రాలేదు.

ఎలా చెక్కావు అని అడిగారు. కంసాలి ఇంట పుట్టి కంసాలి ఇంట మెట్టాను, పనిముట్ల పేర్లు నాకు ఒకరు నేర్పాలా. అయినా నీ ఉత్తరం అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పాను. లారీ ఇరుసు ఉక్కు, అద్దంలో బొమ్మ, సింహం జూలుకు పట్టిన రోజులు, నూనెలో పదును, సమ్మెటతో రెండు దెబ్బలు. మూడో దెబ్బ ఎందుకు వేయలేదని పండితుడే అడిగాడు. వేస్తే బొమ్మ రెండు పడుతుందన్నాను. ఆయన తల ఊపాడు. మార్చిలో నేను వచ్చినప్పుడు నా పెట్టెలోనే తెచ్చాననీ, అద్దాల పెట్టెలో ఉంచే షోపీసులని నా కొడుకు దుకాణంలో ఇచ్చాడనీ, పాతవని చెప్పి అమ్మడం మా ఇద్దరికీ తెలియదనీ చెప్పాను. జానీ బాషా పేరు రాలేదు. నీ పేరు రాలేదు.

ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళు ఒక్క హాజరు కూడా తప్పుగా వేయలేదు నేను. రాని పిల్లవాడికి వచ్చాడని వేయమని ఇన్‌స్పెక్టరు అడిగినా వేయలేదు. ఆ రోజు నువ్వున్న చోట నా పేరు వేశాను.

మీ నాన్నను ఇంటికి పంపేస్తున్నారు. 22న బొంబాయి విమానం ఎక్కిస్తారు, దాదరులో బస్సు పట్టుకుంటాడు. మళ్ళీ ఈ దేశంలో అడుగు పెట్టకూడదు. పాతవాటిలా నాణేలు చేసినందుకు నాకు మూడు నెలల జైలు, తరువాత నన్నూ పంపేస్తారు. రాత సామాను షహర్బాను ఇచ్చింది. ఇక్కడ జైల్లో ఆడవాళ్ళ వైపు శుభ్రంగానే ఉంది. తోడు ఉన్నవాళ్ళలో ఒక కేరళ అమ్మాయికి సంతకం పెట్టడం రాదు, నిన్నటినుంచి మొదలుపెట్టాను. చలి ఉంది, దుప్పటి ఉంది. నాను కోర్టు వాళ్ళ దగ్గరే ఉండిపోయింది, మెడ తేలిగ్గా ఉంది.

పేరమ్మను మేడమ్ మాన్పించలేదు. మాట్లాడడం మానేసింది. బీరువా తాళం చెవులు మాత్రం తానే కట్టుకుని తిరుగుతోందట.

అక్టోబరు 22 నుంచి డిసెంబరు 9 దాకా నువ్వు రాసిన ఉత్తరాలు నాలుగూ ఇందులో మడిచి పెట్టాను. అవి ఇక్కడ ఉండకూడదు. వాటిని ఏం చేయాలో ఈసారి నేను చెప్పను. నువ్వే ఆలోచించుకో.

నువ్వు వస్తే ఏమవుతుందో విను. చెక్కింది నేను అంటావు. అప్పుడు నేను ప్రమాణం చేసి అబద్ధం ఆడినదాన్ని అవుతాను, మీ నాన్నను మళ్ళీ పట్టుకుంటారు, పేరమ్మ గాజులు తీసినది దండగ అవుతుంది. నీ నిజం ఇప్పుడు ఎవరికీ పనికిరాదు. అది నీకూ నాకూ మధ్య ఉండనీ.

అమ్మ పడగొట్టిన కొలిమి నిలబెట్టు. కొత్త పోగర చేసుకో. మూల విరగ్గొట్టుకోవడం నీకు వేరే చెప్పాలా. ముందు పేరమ్మకు జత గాజులు చెయ్యి, ఆమె కొలత షహర్బాను దారంతో తీసి ఇస్తుంది. చుక్క వెనక పెట్టవద్దు. ముందువైపే పెట్టు, చూసేవాళ్ళందరికీ కనపడేటట్టు. అలాగే కావాలని ఆమే అడిగింది.

23 సాయంత్రం ఇంటినుంచి బయలుదేరు, బొంబాయికి కాదు. బందరు బస్టాండులో కూర్చో. మీ నాన్న వచ్చేదాకా కూర్చో. వాడికి చెప్పులు లేవు, ఒక జత తీసుకువెళ్ళు.

నాయనమ్మ